తిన్న కిలో ఎంతకి పడింది?

ఇంటి సరుకుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా అని ఎవరిని అడిగినా ముందు కొట్టు గురించే చెప్తారు. ఎక్కడ చవక, ఏ రోజు ఆఫర్, ఏ కార్డు మీద ఎంత వెనక్కి వస్తుంది, ఇవే. పనికిరావని అనను గానీ నా లెక్కలో ఇవన్నీ రెండో వరస. మొదటి వరసలో ఉండేది చెత్తబుట్ట. కొన్నదాంట్లో ఎంత కడుపులోకి వెళ్లింది, ఎంత బుట్టలోకి వెళ్లింది అన్నది తేలకుండా కొట్లు మార్చుకుంటూ తిరిగితే కాళ్ల నొప్పులు తప్ప పెద్దగా ఏమీ మిగలదు.

లెక్క చాలా చిన్నది. పెద్ద ప్యాకెట్ కొంటే కిలోకి 20 శాతం తక్కువ పడుతోంది అనుకోండి. వంద రావాల్సిన చోట ఎనభైకి వచ్చింది, బాగుంది. అందులో ఐదో వంతు పురుగు పట్టో, ముక్కిపోయో పారేశారంటే ఆ లాభం అక్కడికక్కడే సున్నా. ఎందుకంటే ఎనభై పెట్టి తిన్నది వందలో ఎనభై వంతులే. ఐదో వంతు కన్నా ఎక్కువ పారేస్తే చిన్న ప్యాకెట్ కొన్నవాళ్లే మనకన్నా తక్కువకి తిన్నట్టు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ కూడా అంతే, ఆ రెండోది పారేస్తే మామూలు ధరే పెట్టాం, దానితో పాటు మోసుకొచ్చిన శ్రమ అదనం. అందుకే నేను చూసే ధర ఒక్కటే: తిన్న కిలో ఎంతకి పడింది. కొన్న కిలో ధర బిల్లు మీద ఉంటుంది, తిన్న కిలో ధర ఎక్కడా రాసి ఉండదు, మనమే వేసుకోవాలి.

ఇది ఒకరిద్దరి ఇళ్లలో సంగతి కాదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే. హోటళ్లలో, కొట్లలో పోయింది మిగతాది. మనిషి ఒక్కరికి ఏడాదికి సగటున 79 కిలోలు ఇళ్ల నుంచే చెత్తలోకి పోతున్నాయట. ఇందులో తొక్కలు, గింజలు, ఎముకల్లాంటివి కూడా కలిసే ఉన్నాయి కాబట్టి అదంతా పోగొట్టుకున్న డబ్బే అనడం సరికాదు. అయినా నలుగురున్న ఇంటికి ఆ అంకెని నాలుగుతో గుణించి, అందులో సగమే తినదగినది అనుకున్నా, ఏ డిస్కౌంట్ కూపనూ దానికి సాటి రాదు.

కాబట్టి మొదట చేయాల్సిన పని ఏమీ కొనకుండానే చేసేది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, పారేసిన ప్రతిదాన్నీ దాని మీద రాయడం. ఏం పారేశాం, ఎందుకు పారేశాం, అంతే. ఎందుకు అన్నది రాయడమే ముఖ్యం. వాడిపోయిందా, ఎక్కువ వండామా, ఉందని మర్చిపోయామా, పిల్లలు ముట్టలేదా? కొన్నాళ్లకి ఆ కాగితం చూస్తే అందరి ఇళ్లలో ఒకటే జాబితా రాదు. కొందరికి ఆకుకూరలు, కొందరికి పాలు, కొందరికి రాత్రి మిగిలిన అన్నం, కొందరికి ఎంతో ఇష్టపడి కొని ఒక్కసారి వాడి వెనక్కి నెట్టేసిన సాస్ సీసాలు. అవి వాడుదాం, ఇవి వాడుదాం అనుకుంటూ ఏడాది గడిచిపోయే ఆ సీసాల బాపతు ఖర్చు ఎవరూ లెక్కలో రాసుకోరు, ఎందుకంటే పారేసే నాటికి కొన్న సంగతే గుర్తుండదు కదా. మీ ఇంటి జాబితా తెలిశాక ఇంకొకరి చిట్కాలు చదవాల్సిన అవసరం సగం తగ్గిపోతుంది, నా చిట్కాలతో సహా.

తర్వాత లిస్టు. లిస్టు రాసుకుని వెళ్లమని అందరూ చెప్తారు, కానీ కుర్చీలో కూర్చుని గుర్తొచ్చినవి రాస్తే అది కోరికల జాబితా అవుతుంది. వంటింట్లో నిలబడి, డబ్బాలు తెరిచి చూస్తూ రాయాలి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే ఏదైనా అడుక్కి వచ్చిన రోజే రాసేయడం, అప్పుడు వెళ్లే ముందు గబగబా గుర్తు తెచ్చుకునే టెన్షన్ ఉండదు. పేరుతో పాటు ఎంత కావాలో కూడా రాయండి. పప్పు అని రాస్తే కొట్లో ఏ ప్యాకెట్ ముందు కనిపిస్తే అది వస్తుంది, కిలో పప్పు అని రాస్తే కిలోనే వస్తుంది. బయల్దేరే ముందు ఫ్రిజ్‌కి, అరలకి ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకుంటే ఇంట్లో ఉన్నదే మళ్లీ కొనే బాధ తప్పుతుంది.

వారం మొత్తానికి ముందే మెనూ వేసుకోవాలా? వేసుకోగలిగితే మంచిదే. నాకు మాత్రం ఏడు రోజులకి ఏడు వంటలు అని గీతలు గీసుకునే పద్ధతి మీద పెద్ద నమ్మకం లేదు. మూడో రోజు ఎవరో రావడమో, మనమే అలసిపోయి బయట తినడమో జరిగితే ఆ పట్టిక అంతా తలకిందులవుతుంది, దానికోసం తెచ్చిన కూరగాయలు ఫ్రిజ్‌లో వాడిపోతాయి. నాలుగు రోజులకి అనుకుని, మిగతా రోజులు ఇంట్లో మిగిలినదానితో నడిపేలా ఖాళీ వదిలితే పని జరుగుతుంది. త్వరగా పాడయ్యేవి ముందు, నిలవ ఉండేవి తర్వాత. ఆకుకూర కొన్న రోజో మర్నాడో, క్యాబేజీ, క్యారెట్ వారం చివర్లో. ఈ వరస ఒక్కటి పాటించినా మెనూ వేసుకున్నంత పని అవుతుంది.

ఇక కొట్టు. ఒకప్పుడు కొట్లో ఏం కావాలో చెప్తే అటువైపు ఉన్న మనిషి తీసి ఇచ్చేవాడు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ పేరుతో ఒక కొట్టు తెరిచి, సరుకులన్నీ అరల్లో పెట్టి, కొనేవాళ్లనే లోపలికి వదిలి, మీరే తీసుకోండి అన్నాడు. పనివాళ్ల ఖర్చు తగ్గింది, ధరలూ తగ్గాయి, దాంతో పాటే అడగాలని అనుకోని వస్తువు కూడా కంటపడి చేతిలోకి రావడం మొదలైంది. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కొట్టు యజమాని చక్రాల బండి పెట్టాడు. చేత్తో మోసే బుట్ట బరువెక్కితే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయనకి అర్థమైంది మరి. ఆ కథలోంచి మనకి కావాల్సిన చిట్కా తిరగేసి తీసుకోవచ్చు: నాలుగు వస్తువులకి వెళ్తే బండి తోసుకోకుండా చేతి బుట్ట పట్టుకోండి. బరువు తెలుస్తుంది.

కంటికి ఎదురుగా ఉండే అరలో సాధారణంగా కొట్టువాళ్లకి లాభం ఎక్కువ ఉన్నవో, కంపెనీ డబ్బు కట్టి పెట్టించుకున్నవో ఉంటాయి. వంగి కింది అర చూడటం అలవాటు చేసుకోవాలి. అరకి పక్కన ఉండే చిన్న చీటీలో కిలోకి ఎంత, లీటరుకి ఎంత అన్నది చాలా చోట్ల రాసి ఉంటుంది, చదవాల్సింది అదే. లేకపోతే ధరని గ్రాములతో భాగించి వెయ్యితో గుణించండి, ఫోన్‌లో పది సెకన్ల పని. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం పొరపాటు, ఒక్కోసారి రెండు చిన్నవి కలిపితేనే తక్కువ పడుతుంది.

ధర పెంచితే గోల చేస్తారని బరువు తగ్గించే పద్ధతి ఇంకొకటి ఉంది. అదే రంగు, అదే బొమ్మ, అదే ధర, లోపల మాత్రం 500 గ్రాములు కాస్తా 450 గ్రాములు. ఇందులో కిలో ధర 11 శాతం పెరిగినట్టు, కానీ ఎవరికీ ధర పెరిగినట్టు అనిపించదు. సబ్బులు, బిస్కెట్లు, డిటర్జెంట్లు ఎక్కువగా ఇలా చిక్కిపోతుంటాయి. బరువు అంకె చూసే అలవాటు ఉన్నవాళ్లకే ఇది దొరుకుతుంది.

ఈ పనంతా ప్రతి వస్తువుకీ చేయమంటే నేనే చేయను. ఏ ఇంట్లో అయినా బిల్లులో ఎక్కువ భాగం పది పదిహేను వస్తువుల దగ్గరే పోతుంది. బియ్యం, పిండి, నూనె, పాలు, పప్పులు, గుడ్లు, కాఫీయో టీయో, మాంసం తినేవాళ్లకి మాంసం, బట్టల సబ్బు పొడి. వాటికి మాత్రం ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకుని, మామూలుగా కిలోకో లీటరుకో ఎంత ఉంటుందో రాసుకోండి. అప్పుడు ఎర్ర రంగు చీటీ మీద భారీ తగ్గింపు అని కనిపించినా అది నిజంగా తగ్గిందా, లేక ఎప్పుడూ లేని పెద్ద ధర రాసి దాని మీద గీత కొట్టి పోయిన నెల ధరకే అమ్ముతున్నారా అన్నది తేలిపోతుంది. మిరియాలు, ఇంగువ లాంటివి ఏడాదికి రెండుసార్లు కొంటాం, వాటి ధర కోసం బుర్ర పాడుచేసుకోవడం దండగ.

ఎక్కువ మొత్తంలో కొనడం గురించి వేరుగా చెప్పాలి, డబ్బు మిగిలేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే. ఉప్పు, పంచదార, సబ్బులు, శనగలు, రాజ్మా లాంటి ఎండు గింజలు, తెల్ల బియ్యం, ఇవి తడి తగలకుండా ఉంటే నెలల తరబడి ఉంటాయి. వీటిని ధర తగ్గినప్పుడు ఎక్కువగా తెచ్చుకోవచ్చు. నూనె అలా కాదు. మూత తీసిన దగ్గర్నుంచి గాలి, వెలుతురు, వేడి కలిసి దాన్ని పాడుచేస్తాయి, పొయ్యి పక్కన పెట్టిన పెద్ద డబ్బా అడుక్కి వచ్చేసరికి కమురు వాసన వేస్తుంది. పొడి మసాలాలు పాడవవు గానీ వాసన పోతుంది, వాసన పోతే రెండింతలు వేయాలి, ఇంక చవక ఎక్కడ? తవుడు తీయని ముడి బియ్యం, గోధుమ పిండి, బాదం, జీడిపప్పు లాంటివి వాటిలోని నూనె వల్ల త్వరగా ముక్కిపోతాయి. పిండికి, గింజలకి పురుగు భయం ఉంటే గట్టి సంచిలో కట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత డబ్బాలో పోసుకోండి, గుడ్లతో సహా చస్తాయి. కొత్త సరుకుని పాతదాని మీద పోయకండి. పాతది తీసి, డబ్బా తుడిచి, కొత్తది అడుగున పోసి పాతది పైన పోయాలి. విసుగు పనే, తెలుసు.

కూరగాయల దగ్గర అసలు సంగతి అన్నిటినీ ఒకేలా ఫ్రిజ్‌లో తోసేయకపోవడం. అరటి, యాపిల్, టమాటా లాంటివి పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, అది పక్కనున్న ఆకుకూరల్ని పసుపు పచ్చగా మార్చేస్తుంది, కాబట్టి వీటిని వాటికి దూరంగా ఉంచాలి. బంగాళాదుంపలు చల్లగా, చీకటిగా, గాలి ఆడే చోట ఉండాలి, వెలుతురు తగిలితే ఆకుపచ్చగా మారి విషం తయారవుతుంది, ఉల్లిపాయల పక్కన పెడితే రెండూ త్వరగా పాడవుతాయి. ఉల్లి, వెల్లుల్లి ఫ్రిజ్ బయటే నయం. ఆకుకూరలకి శత్రువు తడి, అలాగని పూర్తిగా ఎండినా వాడిపోతాయి, అందుకే పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే ఎక్కువ రోజులు నిలుస్తాయి. కడగడం వండే ముందు. క్యారెట్, ముల్లంగి ఆకులతో కొంటే ఇంటికి రాగానే ఆకులు కోసేయండి, లేకపోతే దుంపలో నీరంతా ఆకులే లాగేస్తాయి. బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో పెడితే బయట కన్నా త్వరగా గట్టిపడుతుంది, ఒకట్రెండు రోజుల్లో అవ్వదనుకుంటే ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టి కావాల్సినప్పుడు వేడిచేసుకోవడమే.

ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి చూస్తే చాలా ఫ్రిజ్‌లు అంత చల్లగా ఉండవని తెలుస్తుంది. తలుపు దగ్గర అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది కాబట్టి పాలు అక్కడ పెట్టే అలవాటు (సీసా అరలు అక్కడే ఇస్తారు, అదో వింత) మానుకుంటే మేలు. త్వరగా వాడాల్సినవన్నీ ఒకే ట్రేలో పెట్టి కళ్లకి ఎదురుగా ఉంచండి. ఇంట్లో ఎవరు వంటకి దిగినా ముందు ఆ ట్రే చూడాలి. మా ఇంట్లో పారేసినవి రాసే కాగితం చిన్నదవ్వడానికి ఈ ట్రేకి మించిన కారణం ఇంకోటి లేదు.

తారీఖుల దగ్గర చాలామంది తికమకపడతారు. ఫలానా తేదీలోపు వాడాలి (యూజ్ బై) అని ఉంటే అది భద్రతకి సంబంధించినది, మాంసం, చేపల్లాంటి వాటి మీద ఉంటుంది, దాటితే వాసన బాగున్నా తినకూడదు. ఫలానా తేదీలోపు ఉత్తమం (బెస్ట్ బిఫోర్) అని ఉంటే అది రుచికి సంబంధించినది, బిస్కెట్లు కాస్త మెత్తబడొచ్చు, కాఫీ వాసన తగ్గొచ్చు, అంతే. సరిగ్గా దాచిన పొడి సరుకుని రెండో రకం తేదీ దాటిన మర్నాడే పారేయడం డబ్బుని పారేయడమే. గుడ్డు నీళ్లలో తేలితే పాతది అని అర్థం, లోపలి నీరు ఆవిరై గాలి గది పెద్దదవుతుంది. పాడైందో లేదో మాత్రం వేరే గిన్నెలో కొట్టి వాసన చూస్తేనే తెలుస్తుంది.

మిగిలిన వంటల విషయంలో పొదుపు కన్నా జాగ్రత్తే ముందు. వండిన అన్నం గంటల తరబడి బయట వదిలేస్తే అందులో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వెడల్పు గిన్నెలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాడు వాడేయాలి. ఫ్రీజర్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా పేరు, తేదీ రాయండి. గడ్డ కట్టాక ఏ గ్రేవీ అయినా ఒకేలా ఉంటుంది, ఏంటో తెలియని డబ్బాని ఎవరూ తీయరు, ఆరు నెలల తర్వాత ఫ్రీజర్ కడిగేటప్పుడే దాని మోక్షం.

బ్రాండ్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఉప్పు, పంచదార, బేకింగ్ సోడా లాంటి వాటిలో పేరున్న ప్యాకెట్‌కీ కొట్టువాళ్ల సొంత ప్యాకెట్‌కీ వంటలో తేడా కనిపెట్టడం కష్టం. కాఫీ, టీ లాంటి వాటిలో నాలుకకి తేడా తెలుస్తుంది, అక్కడ ఎవరిష్టం వాళ్లది. చవకది తెచ్చి ఇంట్లో ఎవరూ తాగకపోతే మళ్లీ బుట్ట లెక్కలోకే వస్తుంది. తరిగిన కూరలు, కడిగిన ఆకులు మన శ్రమకి ధర కట్టి అమ్మేవి, పైగా కోసినవి త్వరగా పాడవుతాయి. అయితే ఒంటరిగా ఉండేవాళ్లకి, చేతులు నొప్పులున్నవాళ్లకి ఇవే గిట్టుబాటు కావచ్చు. ఫ్రోజెన్ బఠాణీ లాంటి వాటి మీద చిన్నచూపు అక్కర్లేదు, కోసిన కాసేపటికే ఉడుకునీళ్లలో ముంచి గడ్డకట్టిస్తారు, కావాల్సినంత తీసుకుని మిగతాది అలాగే ఉంచొచ్చు, వృథా దాదాపు ఉండదు. డబ్బాలో ఉడికించి అమ్మే గింజలు కొంటే నీళ్లు వంపాక ఎంత బరువో చూడండి. ఎండువి నానబెట్టి ఉడికిస్తే రెండింతలకి పైగా బరువవుతాయి.

ఆన్‌లైన్‌లో కొంటే ఒక మంచి ఉంది, మొత్తం ఎంతైందో డబ్బు కట్టకముందే కనిపిస్తుంది, ఎక్కువైతే తీసేయొచ్చు, చూసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి మొహమాటం లేదు. చెడు ఏంటంటే డెలివరీ ఫ్రీ కావాలంటే ఇంకొంచెం కొనండి అనే ఆ గీత. చిన్న డెలివరీ ఖర్చు తప్పించుకోవడానికి అంతకు నాలుగింతల అక్కర్లేని సరుకు వేసుకుంటాం. నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు అయితే లిస్టు అనే పద్ధతినే మింగేస్తాయి. ఒక్కొక్క వస్తువుకి ఒక్కో ఆర్డర్, నెలాఖరుకి చూస్తే తడిసి మోపెడు. నేనైతే గుర్తొచ్చింది కార్ట్‌లో వేసి వదిలేసి, మర్నాడు చూసి, అప్పటికీ కావాలనిపిస్తేనే ఆర్డర్ పెడతాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1857లో జర్మనీకి చెందిన ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే గణాంక శాస్త్రవేత్త కుటుంబాల ఖర్చులు చూసి, ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వంతు పెరుగుతుందని తేల్చాడు. అంటే సరుకుల ధర పెరిగితే దెబ్బ ఎక్కువ తగిలేది తక్కువ సంపాదించేవాళ్లకే. పెద్ద ప్యాకెట్ కొనడానికి చేతిలో ఒకేసారి డబ్బు ఉండాలి, దాచడానికి చోటు ఉండాలి, ఫ్రీజర్ ఉండాలి. ఇవేవీ లేనివాళ్లు చిన్న ప్యాకెట్లే కొంటారు, కిలోకి ఎక్కువే కడతారు. అది చేతకానితనం అన్నట్టు ఉపన్యాసాలిచ్చే పొదుపు వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పెద్ద బస్తా కొని పంచుకోవడం అలాంటి చోట బాగా కలిసొచ్చే పద్ధతి, కాటా ఒక్కటి ఉంటే చాలు, గొడవలు రావు.

చివరిగా బడ్జెట్. నెలకి ఇంత అని గట్టిగా గిరి గీస్తే బియ్యం బస్తా కొన్న నెల తప్పినట్టు, కొనని నెల గెలిచినట్టు కనిపిస్తుంది, రెండూ నిజం కాదు. మూడు నెలల బిల్లులు కూడి మూడుతో భాగించండి, ఆ సగటు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం తగ్గించండి. తిండి సరుకుని, సబ్బులు షాంపూల బాపతుని విడివిడిగా రాసుకుంటే మంచిది, ఎందుకంటే తిండి ఖర్చు పెరిగిందని కంగారుపడి పిల్లల పండ్లు తగ్గించిన ఇంట్లో అసలు పెరిగింది టిష్యూ పేపర్లు, రూమ్ ఫ్రెషనర్ల ఖర్చు అయి ఉండొచ్చు. పండ్లు, పాలు, కూరగాయలు అన్నిటికన్నా ఆఖరున తగ్గించాల్సినవి. ముందు ఆ టిష్యూల వంక చూడండి.